కుసి, కుట్టు, సంధి: ఒడిస్సియస్ పడవపై ఒక వివాదం

చీలమండ దెబ్బతిన్నవారికి తీయించే ఎక్స్‌రేలలో ఒకదాని పేరు ‘మార్టిస్ వ్యూ’. పాదాన్ని పదిహేను, ఇరవై డిగ్రీల మేర లోపలికి తిప్పి ఆ చిత్రం తీస్తారు. అలా తిప్పితే పిక్కలోని రెండు ఎముకల కింది కొసలు ఒకదానిమీద ఒకటి పడకుండా విడివిడిగా కనిపిస్తాయి. ఆ రెండూ కలిసి కింది వైపు తెరుచుకున్న బెజ్జంలా ఏర్పడితే, పాదంలోని తాలస్ అనే ఎముక అందులో సరిగ్గా ఇమిడి ఉంటుంది. పదో తరగతి దాకా తెలుగులో చదువుకుని వైద్య కళాశాలకు వెళ్ళిన నాకు ‘మార్టిస్’ అన్నది బట్టీ పట్టిన అనేక పేర్లలో ఒకటి మాత్రమే. అది వడ్రంగుల మాట అని అమెరికా వచ్చి రెసిడెన్సీ చేస్తున్న రోజుల్లో తెలిసింది. తెలిసిన క్షణాన గుర్తుకు వచ్చింది మా ఇంటి వసారాలోని నులక మంచం.

ఒక కొయ్యలో ఉలితో తొలిచిన పలకల గుంత మార్టిస్. అందులో దూరడానికి మరో కొయ్య చివరను సన్నగా చెక్కి మిగిల్చిన నాలుక టెనన్. మా ఊరి వడ్రంగి మొదటిదాన్ని బెజ్జం అనేవాడు, రెండోదాన్ని కుసి అనేవాడు. మంచం కోళ్ళకు బెజ్జాలు, పట్టెలకు కుసులు. ఈ వ్యాసంలో నేనూ ఆ మాటలే వాడతాను.

ఈ వ్యాసం మంచాల గురించి కాదు. హోమర్ రాసిన ఒడిస్సీ అయిదవ సర్గలో ఒడిస్సియస్ తన చేతులతో కట్టుకున్న తెప్ప గురించి. ఆ తెప్ప పలకలను కలిపింది కుసులా, కుట్లా అన్న ప్రశ్న మీద పండితుల మధ్య అర్ధశతాబ్దం పాటు వాదం నడిచింది. ఒక పంక్తిలోని రెండు మాటల అర్థం దగ్గర మొదలైన ఈ వాదం, కావ్యంలో వచ్చే పనివాడి మాటను ఎలా చదవాలన్న పెద్ద ప్రశ్న దాకా వెళుతుంది. ఇందులో నేనూ ఒకప్పుడు ఒక పక్షం వహించాను. కొన్నేళ్ళ కిందట మా ఊళ్ళో జరిగిన ఒక తెలుగు సాహిత్య సమావేశంలో, ఒడిస్సియస్ కట్టింది కుసులతోనే అని నిస్సందేహంగా చెప్పాను. ఆ నిస్సందేహం తప్పని ఇప్పుడు అనుకుంటున్నాను. ఎందుకో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

హోమర్ చెప్పినదేమిటి?

కలిప్సో ద్వీపంలో ఏడేళ్ళు చిక్కుకుపోయిన ఒడిస్సియస్‌ను వదిలిపెట్టమని దేవతల ఆజ్ఞ వస్తుంది. కలిప్సో అతనికి పెద్ద కంచు గొడ్డలి ఇస్తుంది. దానికి రెండు వైపులా పదును, ఆలివ్ కర్ర పిడి. తరువాత ఒక బాడిశ ఇస్తుంది. ద్వీపం అంచున ఎత్తైన చెట్లున్న చోటికి తీసుకువెళుతుంది. అక్కడున్నవి ఆల్డర్, పోప్లర్, ఫర్ చెట్లు. ఏనాడో ఎండిపోయినవి గనక నీటిమీద తేలికగా తేలతాయని కవి కారణం కూడా చెబుతాడు. ఒడిస్సియస్ ఇరవై చెట్లు నరుకుతాడు. గొడ్డలితో కొమ్మలు కొట్టి, నేర్పుగా నునుపు చేసి, దారం పట్టి తిన్నగా సరిచేస్తాడు. అప్పుడు కలిప్సో బరమాలు తెచ్చి ఇస్తుంది. అతను అన్ని కొయ్యలకూ రంధ్రాలు వేసి, ఒకదానికొకటి అమరుస్తాడు. ఆ తరువాతి పంక్తి, 248వది, వివాదానికి మూలం: ‘గోమ్ఫోస్’లతోనూ ‘హార్మోనియా’లతోనూ అతను దాన్ని దిట్టంగా కొట్టి బిగించాడు.

దాని వెడల్పు గురించి చెబుతూ, పని తెలిసిన పడవల వడ్రంగి వెడల్పాటి సరుకు ఓడకు ఎంత అడుగు గీస్తాడో అంత అని పోలుస్తాడు కవి. అందుకే అది దుంగలు కట్టిన తెప్పా, పలకలు కూర్చిన పడవా అన్నది కూడా చర్చనీయాంశమే. ఆ తరువాత నిలువు కొయ్యలు, పొడవాటి పలకలు, తెరచాప కొయ్య, చుక్కాని, అలలు లోపలికి రాకుండా చుట్టూ కొమ్మలతో అల్లిన దడి వస్తాయి. నాలుగో రోజుకు పని పూర్తి. అయిదో రోజు ప్రయాణం.

ప్రాచీన సాహిత్యంలో ఒక పనిని ఇంత వరుసగా, పనిముట్టు పనిముట్టుగా చెప్పిన ఘట్టాలు తక్కువ. అందుకే నౌకా చరిత్రకారులు దీన్ని కావ్యంగా కన్నా పనిపుస్తకంగా చదవడానికి ఉబలాటపడ్డారు.

కుసి పక్షం

ప్రాచీన నౌకల చరిత్రలో పేరెన్నికగన్న లయొనెల్ కాసన్ 1964లో ఒక చిన్న వ్యాసంలో తన నిర్ణయం చెప్పాడు. హార్మోనియాలంటే పలకల అంచులను కలిపే కుసి-బెజ్జం అతుకులు. గోమ్ఫోస్‌లంటే ఆ కుసులు ఊడి రాకుండా అడ్డంగా దిగగొట్టే కొయ్యచీలలు.

ఈ అతుకు ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఆయన వాదన ఎంత ఆకర్షణీయమో అర్థమవుతుంది. మధ్యధరా సముద్రపు ప్రాచీన ఓడల్లో పలకలు ఒకదానిమీద ఒకటి ఎక్కవు. అంచుకు అంచు ఆనించి కూర్చుతారు. కింది పలక పై అంచులోనూ, పై పలక కింది అంచులోనూ ఎదురెదురుగా బెజ్జాలు తొలుస్తారు. రెండింటిలోకీ సగం సగం దూరేలా ఒక గట్టి చెక్క ముక్కను పెడతారు. మంచం పట్టెకు ఉన్నట్టు ఇక్కడి కుసి పలకలో భాగం కాదు, విడి ముక్క. పలకలు కలిశాక, అతుకుకు పైనా కిందా పలకతో పాటు కుసికి కూడా రంధ్రం వేసి చీల దిగగొడతారు. ఇక ఆ కుసి ఎటూ కదలదు. ఇలా ముందు బయటి డొప్ప మొత్తాన్ని నిలబెట్టి, ఆ తరువాతే లోపల పక్కటెముకల వంటి వంపు కొయ్యలు వేస్తారు. ఓడ బలం చాలా వరకు ఆ డొప్పలో, అంటే ఆ అతుకుల్లో ఉంటుంది.

కాసన్ రాసిన తరువాత సముద్రం కూడా ఆయన వైపు సాక్ష్యం చెప్పింది. 1982లో టర్కీ దక్షిణ తీరంలో, ఉలుబురున్ అనే చోట, స్పంజి కోసం మునిగిన ఒక గజ ఈతగాడికి మునిగిపోయిన ఓడ ఒకటి కనిపించింది. జార్జ్ బాస్, జెమాల్ పులాక్‌ల నాయకత్వంలో 1984 నుంచి 1994 దాకా తవ్వకాలు జరిగాయి. ఆ ఓడ క్రీస్తు పూర్వం 14వ శతాబ్దం చివరిది. పలకలు దేవదారు, కుసులు ఓక్. మెత్తని పలకల మధ్య గట్టి కుసులు, వాటికి చీలలు. అంటే ట్రాయ్ యుద్ధం జరిగిందని గ్రీకులు నమ్మిన కాలానికి ముందే ఈ పనితనం తూర్పు మధ్యధరాలో ఉంది. సైప్రస్ ఉత్తర తీరంలో దొరికిన కిరేనియా ఓడ మరో వెయ్యేళ్ళ తరువాతిది. అదీ అదే పద్ధతి. ఒక చిన్న సరుకు ఓడలో వేల సంఖ్యలో కుసులు. ఈ సాక్ష్యాలన్నీ చూపించే నేను ఆ సమావేశంలో నిస్సందేహంగా మాట్లాడాను.

కుట్టు పక్షం

1991లో శామ్యూల్ మార్క్ దీన్ని ఎదుర్కొన్నాడు. కాసన్ మళ్ళీ జవాబిచ్చాడు. మార్క్ తన వాదాన్ని పెంచి 2005లో హోమర్ కాలపు నౌకాయానం మీద ఒక పుస్తకమే వెలువరించాడు. ఆయన చెప్పేది ఇది: హోమర్ ఎరిగిన ఓడలు తాళ్ళతో కుట్టినవి. గోమ్ఫోస్‌లు పలకల అంచుల్లో దిగి వాటిని వరుస తప్పకుండా నిలిపే చీలలు. పలకలను దగ్గరకు లాగి పట్టింది కుట్టు.

ఈ పక్షానికీ బలమైన ఆధారాలున్నాయి. మొదటిది హోమర్ ఇచ్చిన పనిముట్ల జాబితాయే. గొడ్డలి, బాడిశ, దారం, బరమా ఉన్నాయి, ఉలి లేదు. బెజ్జం గుండ్రంగా ఉండదు, పలకగా ఉంటుంది. ఉలి లేకుండా పలకల బెజ్జం తొలవడం ఏ వడ్రంగికైనా కష్టం. బరమాతో వచ్చేది గుండ్రని రంధ్రం. దానిలో గుండ్రని చీల దిగుతుంది, లేదా తాడు దూరుతుంది.

రెండవది ఇలియడ్ రెండో సర్గ. తొమ్మిదేళ్ళు గడిచిపోయాయి, ఓడల కొయ్యలు కుళ్ళిపోయాయి, తాళ్ళు సడలిపోయాయి అని ఆగమెమ్నాన్ సైన్యంతో అంటాడు. కొయ్యలతో జంటగా చెప్పాడు గనక ఆ తాళ్ళు పలకల కుట్లే అని ఈ పక్షం అంటుంది. తెరచాప తాళ్ళు కూడా కావచ్చు గనక ఇది గట్టి ఆధారం కాదని నా అభిప్రాయం. ఈస్కిలస్ నాటకంలో మాత్రం సందిగ్ధత తక్కువ. అక్కడ ఓడను నారతో కుట్టిన ఇల్లు అన్న అర్థం వచ్చే మాటతో పిలుస్తారు.

మూడవది పురావస్తు సాక్ష్యం. ఉలుబురున్ ఓడ పాతదే గానీ, అది సిరియా-కనాను తీరపు సంప్రదాయానికి చెందినదని పరిశోధకుల అభిప్రాయం. దాన్ని బట్టి గ్రీకుల పద్ధతిని ఊహించడం తొందరపాటు. మార్సెయ్ నగరం గ్రీకులు క్రీస్తు పూర్వం 600 ప్రాంతంలో స్థాపించిన వలస. అక్కడ 1993లో జూల్ వెర్న్ కూడలి వద్ద జరిపిన తవ్వకాల్లో క్రీస్తు పూర్వం 6వ శతాబ్దపు పడవలు బయటపడ్డాయి. వాటిలో ఒకదాని పలకలు కుట్టినవి. మరొకదానిలో చాలా మటుకు కుసులు, కొసల దగ్గర మాత్రం కుట్లు. ఇజ్రాయెల్ తీరంలో దొరికిన మగాన్ మిఖాయెల్ ఓడ క్రీస్తు పూర్వం 400 ప్రాంతానిది; అందులోనూ పలకలకు కుసులు, ముందు వెనకల కొసలకు కుట్లు. గ్రీకు ప్రపంచం కుట్టు నుంచి కుసికి మెల్లగా మారిందని ఈ వరుస చెబుతోంది. చీల వేసిన కుసి అతుకును రోమన్లు తమదని గానీ, గ్రీకులదని గానీ చెప్పుకోలేదు. క్రీస్తు పూర్వం 2వ శతాబ్దంలో కేటో దాన్ని ‘ప్యూనిక్’ అతుకు అన్నాడు, అంటే కార్తేజి వారిది, ఫినీషియన్ల వారసులది. పేరులోనే అది పరాయి పనితనమన్న గుర్తింపు ఉంది.

ఈ ఆధారాలు నేను ఆ సమావేశానికి ముందే చదివి ఉండవలసింది. కొంత చదివాను కూడా. కానీ కుట్టిన పడవ అంటే ఆటవికమైనది, కుసి వేసిన ఓడ అంటే నాగరికమైనది అన్న చులకన భావం నాలో ఉండేది. ఒడిస్సియస్ వంటి నేర్పరికి కుట్టు తగదనిపించింది. అది విమర్శ కాదు, పక్షపాతం.

కనిపించని తాడు

నా పక్షపాతం ఎక్కడ వదిలిందో చెప్పాలంటే మళ్ళీ చీలమండ దగ్గరికి రావాలి. రెసిడెన్సీ మొదటి ఏడాదిలో, కాలు మడతపడి వచ్చిన ఒకరి ఎక్స్‌రే చూసి, ఎముక ఎక్కడా విరగలేదు, కట్టు కట్టి ఇంటికి పంపవచ్చు అన్నాను. పైవైద్యురాలు అదే చిత్రాన్ని చూసి, “ఎముకలు చూశావు, వాటి మధ్య ఖాళీ కొలిచావా?” అని అడిగింది. కొలిస్తే తాలస్‌కూ లోపలి వైపు ఎముకకూ మధ్య ఉండవలసిన దానికన్నా ఎక్కువ ఎడం. మామూలుగా అది 4 మిల్లీమీటర్లకు మించదు. పిక్కలోని రెండు ఎముకలను కట్టి ఉంచే లిగమెంట్లు తెగిపోయాయి. ఎముకలు చెక్కుచెదరకపోయినా బెజ్జం వెడల్పయింది, కుసి వదులైంది.

ఇది చిన్న విషయం కాదు. తాలస్ 1 మిల్లీమీటరు పక్కకు జరిగితే ఆ కీలులో ఎముకలు ఒకదాన్నొకటి తాకే వైశాల్యం సగటున 42 శాతం తగ్గుతుందని రామ్సే, హామిల్టన్ అనే ఇద్దరు 1976లో కొలిచి చూపారు. బరువంతా తక్కువ చోట పడితే కీలు అరిగిపోతుంది. ఆ రెండు ఎముకల కట్టుకు వైద్యంలో పేరు సిండెస్మోసిస్. అందులో ఉన్న గ్రీకు మాటకు అర్థం కట్టు, బంధనం. లిగమెంట్ అన్న లాటిన్ మాటకు అర్థమూ అదే. ఎక్స్‌రేలో కొయ్య కనిపిస్తుంది, తాడు కనిపించదు. తాడు ఉన్నదీ లేనిదీ కొయ్యల మధ్య ఎడాన్ని బట్టి ఊహించాలి.

సముద్రగర్భంలోనూ ఇంతే. మట్టి కప్పిన ఓక్ కుసి మూడువేల ఏళ్ళు నిలుస్తుంది. నార తాడు చాలాచోట్ల నిలవదు. అది దూరిన రంధ్రాలు, అది ఆనిన గాళ్ళు మిగులుతాయి. వాటిని వెతకాలని తెలిసినవాడికే అవి కనిపిస్తాయి. కనిపించినదాన్నే ఉన్నదిగా లెక్కపెట్టడం నేను ఎక్స్‌రే గదిలో చేసిన తప్పు. అదే తప్పును గ్రీకు కావ్యం దగ్గర మళ్ళీ చేశాను.

ఇక కుట్టు ఆటవికమన్న చులకనకు సమాధానం మన తీరంలోనే ఉంది. కోరమండల్ తీరంలో మసూలా పడవలు అనేవి ఉండేవి. రేవు లేని చోట, ఓడలు దూరంగా లంగరు వేసినప్పుడు, విరిగే అలల మీదుగా మనుషులనూ సరుకులనూ ఒడ్డుకు చేర్చేది అవే. వాటి పలకలను కొబ్బరి పీచు తాళ్ళతో కుట్టేవారు. లోపల పక్కటెముకలు ఉండేవి కావు. అల వచ్చి ఇసుకకు కొట్టినప్పుడు బిగువైన పడవ పగిలిపోతుంది. కుట్టిన పడవ ఒళ్ళు వంచి దెబ్బను పంచుకుంటుంది. ఐరోపా వారు తమ పడవలను పక్కనపెట్టి వీటిని ఆశ్రయించింది దీని కోసమే.

అయితే ఈ వాదంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచింపజేసింది ఒక ఈజిప్టు ఓడ. 1954లో గీజాలోని మహా పిరమిడ్ పక్కన, మూత వేసిన గోతిలో, విడదీసి పేర్చిన ఖూఫు ఓడ దొరికింది. నాలుగున్నర వేల ఏళ్ళనాటిది. పొడవు 43 మీటర్లకు పైగా, ముక్కలు 1,224. దాని దేవదారు పలకల అంచుల్లో కుసులున్నాయి, వాటికి చీలలు లేవు. పలకల లోపలి ముఖాన, మందం దాటకుండా తొలిచిన వంపు రంధ్రాల గుండా తాళ్ళు పోయి డొప్ప అంతటినీ బిగించాయి. బయటి నుంచి తాడు కనిపించదు.

కుసీ తాడూ పని ఎలా పంచుకున్నాయో చూడండి. ఓడ అల మీద వంగినప్పుడు పక్కపక్క పలకలు నిలువునా ఒకదానిమీద ఒకటి జారాలని చూస్తాయి. ఆ జారుడును ఆపేది కుసి. పలకలు ఒకదాని నుంచి ఒకటి ఊడి దూరం కావాలని చూస్తాయి. దాన్ని ఆపేది తాడు. చీల లేని కుసి ఊడకుండా ఆపలేదు. ఒక్క తాడు జారకుండా ఆపలేదు. మా వసారాలోని నులక మంచం కూడా ఇదే. పట్టె కుసి కోడు బెజ్జంలో చీల లేకుండానే నిలిచేది. నులక బిగించి అల్లితే పట్టెలు లోపలికి లాగబడి కుసులు బెజ్జాల్లో కూర్చునేవి. నులక సడలితే మంచం కిర్రుమనేది, కోళ్ళు ఊగేవి. అప్పుడు మా నాయనమ్మ వడ్రంగిని పిలిచేది కాదు. కాళ్ళ వైపు నులక తాడు బిగించేది.

కాబట్టి కుసా, కుట్టా అని అడిగినప్పుడే మనం తప్పుదోవ పట్టాం. ఈ విషయంలో మార్క్ చిత్రం సత్యానికి దగ్గరగా ఉంది, ఎందుకంటే ఆయన చీలకూ కుట్టుకూ చెరో పని అప్పగించాడు. పనిముట్ల జాబితా, గ్రీకు పడవల వరుస కూడా ఆయన వైపే మొగ్గుతాయి. ఒడిస్సియస్ కట్టినట్టు కవి ఊహించిన పడవ ఎలాంటిదని అడిగితే, నేను ఇప్పుడు చీలా తాడూ కలిసినదే అంటాను.

హార్మోనియా అంటే?

కానీ పడవ ఎలాంటిదన్న ప్రశ్న వేరు, ఆ పంక్తికి అర్థమేమిటన్న ప్రశ్న వేరు. ఇక్కడ రెండు పక్షాలతోనూ నాకు పేచీ ఉంది. కాసన్ హార్మోనియాను కుసి అతుకు చేశాడు. ఆయనను కాదన్నవారు దాన్ని పలకల కట్టుగా, కుట్టుగా చేయాలని చూస్తారు. ఇద్దరూ ఆ మాటను ఒక వస్తువుగా మార్చే ప్రయత్నంలో ఉన్నారు. హోమర్ వాడుకలో అది వస్తువు కాదు.

దానికి మొదటి సాక్ష్యం అదే సర్గలో నూట పదమూడు పంక్తుల తరువాత ఉంది. సముద్రదేవత పొసైడాన్ తుఫాను లేపాడు. లూకొథియా అనే దేవత వచ్చి, పడవను వదిలి ఈదమని ఒడిస్సియస్‌కు సలహా ఇస్తుంది. అతను నమ్మడు. కొయ్యలు హార్మోనియాలలో కూడి ఉన్నంతవరకు ఇక్కడే ఉంటాను, అవి విడిపోయినప్పుడు ఈదుతాను అనుకుంటాడు. కొయ్యలు కుట్లలో ఉండవు. కుట్లు కొయ్యల్లో ఉంటాయి. కొయ్యలు కుసుల్లో ఉండడమూ అంతే వింత. కొయ్యలు దేనిలో ఉంటాయి? తమ కూర్పులో, తమ కలయికలో.

రెండవ సాక్ష్యం ఇలియడ్ ఇరవై రెండో సర్గ. హెక్టర్ అకిలీజ్‌తో ద్వంద్వ యుద్ధానికి ముందు ఒక ఒప్పందం ప్రతిపాదిస్తాడు: గెలిచినవాడు ఓడినవాడి శవాన్ని అవమానించకూడదు. ఆ ఒప్పందానికి దేవతలే సాక్షులు అంటాడు. ఒప్పందానికి అతను వాడిన మాట హార్మోనియా. పడవ పలకల కలయికకూ ఇద్దరు శత్రువుల మధ్య మాటకూ హోమర్ దగ్గర ఒకే పేరు. సంగీతార్థం తరువాత వచ్చింది. మన పద్యనాటకాల హార్మోనియం పెట్టె దాకా ఆ మాట ప్రయాణించింది.

మూడవ సాక్ష్యం నా వృత్తి నుంచి. క్రీస్తు శకం 2వ శతాబ్దపు వైద్యుడు గేలన్ ఎముకల మీద విద్యార్థుల కోసం రాసిన చిన్న గ్రంథంలో కదలని కీళ్ళను మూడుగా విభజించాడు. ఒకటి కుట్టు, పుర్రె ఎముకల మధ్య రంపపు పళ్ళలా కనిపించేది; దాన్ని ఇప్పటికీ సూచర్ అంటాం. రెండవది గోమ్ఫోసిస్, దవడలో పన్ను దిగినట్టు దిగేది. అందులో ఉన్నది హోమర్ చెప్పిన గోమ్ఫోసే. మూడవది హార్మోనియా, పై దవడ ఎముకల్లా రెండు అంచులు ఒక సాదా గీత వెంట కలవడం. అంటే కుట్టు, చీల, హార్మోనియా గేలన్‌కు మూడు వేర్వేరు మాటలు. గేలన్‌కూ హోమర్‌కూ మధ్య తొమ్మిది వందల ఏళ్ళ దూరం ఉంది. కనుక దీన్ని రుజువుగా చూపను. కానీ హార్మోనియాను కుట్టు అనాలన్నా కుసి అనాలన్నా ఒక్క క్షణం ఆగమని ఇది హెచ్చరిస్తుంది.

ఇక్కడ తెలుగు పాఠకులకు ఒక సౌలభ్యం ఉంది. ఇంగ్లీషు అనువాదకుడికి హార్మోనియా ఎదురైతే అతుకు, బంధం, ఒప్పందం అని వేర్వేరు మాటలు వెతుక్కోవాలి. మనకు ‘సంధి’ ఉంది. రెండు రాజ్యాల మధ్య సంధి. రెండు అచ్చుల మధ్య సంధి. రెండు ఎముకల మధ్య సంధి. వడ్రంగంలోనూ ఇదే మాట. దక్షిణాది వాస్తుగ్రంథమైన మయమతం కొయ్యలను కలిపే పనికి ఒక అధ్యాయమే కేటాయించి, దాన్ని సంధికర్మ అన్నది. కుసిని శిఖ అన్నది. పొట్టేళ్ళ పోట్లాట అన్న అర్థంలో ‘మేషయుద్ధం’ అని ఒక అతుకుకు పేరు పెట్టింది.

సుశ్రుతుడు శరీరంలోని సంధులను ఎనిమిది రకాలు చేశాడు. వాటిలో పుర్రె సంధి పేరు తున్నసేవని, అంటే కుట్టు. పళ్ళ సంధి పేరు ఉలూఖలం, అంటే రోలు. గేలన్ కుట్టు చూసిన చోటే సుశ్రుతుడూ కుట్టు చూశాడు. గేలన్ చీలను చూసిన చోట సుశ్రుతుడు ఆ చీల దిగిన గుంతను చూశాడు. శరీరాన్ని కోసి చూసిన వైద్యులకు పేర్లు ఇచ్చింది దర్జీ, వడ్రంగి, వంటిల్లు.

ఆ పన్ను సంగతీ ఒక మాట చెప్పాలి. పన్ను దవడలో కేవలం బిగువు వల్ల నిలవదు. దాని వేరుకూ ఎముకకూ మధ్య వేల సన్నని నార పోగులు ఉంటాయి. నమిలేటప్పుడు పడే బరువును అవి పంచుకుంటాయి. చీలతో పాటు తాడు ఇక్కడ కూడా ఉంది.

అభ్యంతరం, సమాధానం

హార్మోనియాను ‘సంధి’ అని అనువదించడం తప్పించుకోవడం కాదా అని ఎవరైనా అడగవచ్చు. కుసి అనో కుట్టు అనో తేల్చకుండా రెండింటికీ పనికొచ్చే మాట వాడితే విమర్శకుడి పని ఏముంది?

నా సమాధానం ఇది. హోమర్ తేల్చదలచుకున్న చోట తేల్చాడు. చెట్లు ఇరవై అన్నాడు, జాతులు చెప్పాడు, గొడ్డలి పిడి ఏ కర్రో చెప్పాడు. గోమ్ఫోస్ కూడా నిర్దిష్టమైన వస్తువే. దాన్ని ధైర్యంగా ‘చీల’ అనవచ్చు. ఆ చీల పక్కనే ఒక విశాలమైన మాటను కవి ఎంచుకున్నాడంటే, ఆ విశాలత్వం అతనికి కావలసి ఉంది. తుఫానులో ఒడిస్సియస్ ఆ మాటనే మళ్ళీ తలుచుకుంటాడు గనక అది యాదృచ్ఛికం కాదు. మొదటిసారి అది పనివాడు సాధించినది. రెండోసారి మనిషి నమ్ముకున్నది. మొదటిచోట ‘కుసి’ అనీ రెండోచోట ‘కూర్పు’ అనీ అనువదిస్తే ఆ రెండు పంక్తుల మధ్య ఉన్న లంకె తెగిపోతుంది. పడవ చరిత్రకారుడికి ఆ నష్టం పట్టకపోవచ్చు. కావ్య పాఠకుడికి పట్టాలి.

తరువాత ఏమైందో కావ్యం ఎరిగినవారికి తెలుసు. పొసైడాన్ కొండంత అలను లేపి కొట్టాడు. పెనుగాలికి ఎండిన ఊక కుప్ప చెల్లాచెదురైనట్టు పొడవాటి కొయ్యలన్నీ చెదిరిపోయాయి. కొయ్యలు విరిగాయని కవి అనలేదు, చెదిరాయన్నాడు. ప్రతి కొయ్యా చెక్కుచెదరకుండానే ఉంది. వాటి మధ్య సంధులు పోయాయి. ఆ చిత్రాన్ని నేను ఎక్స్‌రే తెరమీద చాలాసార్లు చూశాను. ఒడిస్సియస్ మిగిలిన ఒక్క కొయ్యను గుర్రంలా ఎక్కి కూర్చుంటాడు, బట్టలు విడిచి, అప్పుడు ఈదుతాడు. తనకు తాను చెప్పుకున్న మాట ప్రకారమే, సంధులు నిలిచినంతసేపు నిలిచాడు.

ఆనాటి సమావేశానికి వచ్చినవారిలో కొందరు ఈ పత్రిక చదువుతారు. వారికి నేను చెప్పిన ‘కుసులతోనే’ అన్న మాటను ఇందుమూలంగా వెనక్కి తీసుకుంటున్నాను. ఒడిస్సీని తెలుగులోకి తేదలచినవారికి నా సూచన కూడా ఇంతే: 248వ పంక్తిలో చీలలు ఉండనివ్వండి, సంధులు ఉండనివ్వండి. 361వ పంక్తిలో మళ్ళీ ఆ సంధులే ఉండనివ్వండి.